తలుపు తట్టే వంతు: ఆర్‌ఏ శిక్షణలో సమ్మర్ ఇంటర్న్ పని (కేస్ స్టడీ)

కొత్త ఆర్‌ఏలు, అంటే అమెరికా యూనివర్సిటీ హాస్టల్లో ఒక్కో ఫ్లోర్‌ను చూసుకునే విద్యార్థులు, 36 మంది. ప్రాక్టీసు గదులు 4. లోపల పాత ఆర్‌ఏలు పార్టీ, గొడవ లాంటివి నటిస్తారు, కొత్తవాళ్లు తలుపు తట్టి సంభాళించాలి. జట్టుకు 9 మంది. ఒక్కో గది దగ్గర ఒక్కరే తలుపు తడతారు. రెండు గంటల కసరత్తు ముగిసేసరికి ప్రతి జట్టులో నలుగురికి వంతు వస్తుంది, మిగతా ఐదుగురు గోడకానుకుని చూస్తారు. మొత్తం మీద 20 మంది ఒక్క తలుపూ తట్టకుండానే డ్యూటీ ఫోన్ అందుకుంటారు. ఈ పట్టిక ఏటా పాతదాని మీద తేదీలు మార్చి వాడుతున్నదే. గదులు సరిపోయాయా అని చూసినవాళ్లున్నారు గానీ, వంతులు లెక్కపెట్టినవాళ్లు లేరు. సమ్మర్ ఇంటర్న్ ఆ లెక్క వేసింది. ఈ కేస్‌లో ఎక్కువ భాగం దాని చుట్టూ తిరుగుతుంది.

ఇది ఏ ఒక్క క్యాంపస్ కథా కాదు. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల హౌసింగ్ విభాగాల్లో ఆగస్టు నెల ఎలా నడుస్తుందో దాన్నిబట్టి కట్టిన మాదిరి కేస్. అంకెలు ఆ మాదిరివే. హాళ్లు (హాస్టల్ భవనాలు) 5, హాలుకు 12 చొప్పున ఆర్‌ఏలు 60 మంది. వాళ్లలో 36 మంది కొత్తవాళ్లు, 24 మంది పాతవాళ్లు. ఒక్కో ఆర్‌ఏ ఫ్లోర్‌లో ఇద్దరేసి ఉండే గదులు 18, అంటే 36 మంది విద్యార్థులు. ఇంటర్న్ హయ్యర్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేస్తున్న తెలుగమ్మాయి, ఎఫ్-1 వీసా మీద ఉంది, వేరే యూనివర్సిటీ నుంచి వచ్చింది. జూన్ మొదటి సోమవారం నుంచి 11 వారాలు పని. చివరి రెండు వారాలే శిక్షణ. అది ముగిసిన ఐదు రోజులకు మూవ్-ఇన్, అంటే విద్యార్థులు గదుల్లోకి దిగే రోజు.

మన దగ్గర ఎంఎస్‌కి వెళ్లే పిల్లలు ఆర్‌ఏ అనగానే రీసెర్చ్ అసిస్టెంట్ అనుకుంటారు. ఇక్కడ ఆర్‌ఏ అంటే రెసిడెంట్ అసిస్టెంట్. అలాగని మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ వార్డెన్ కూడా కాదు. రాత్రి హాజరు పిలవడం, గేటుకు తాళం వేయించడం, ఇంటికి ఫోన్ చేసి నాన్నగారికి చెప్పడం ఆర్‌ఏ పనులు కావు. ఆర్‌ఏ కూడా విద్యార్థే, ఆ ఫ్లోర్‌లోనే ఉంటారు. గది, చాలాచోట్ల భోజనం కూడా, చేసిన పనికి ప్రతిఫలం. శిక్ష వేసే అధికారం ఉండదు. చూసింది రాసి పంపితే క్రమశిక్షణ చూసే కండక్ట్ ఆఫీసు నిర్ణయిస్తుంది. కొత్త ఆర్‌ఏలలో సగం మంది పోలీసులా, తక్కినవాళ్లు స్నేహితుల్లా ప్రవర్తించేది ఈ తేడా చేతికి అలవాటు కాకపోవడం వల్లే. ఆ అలవాటు చేయించే కసరత్తు పేరు బిహైండ్ క్లోజ్డ్ డోర్స్, అందరి నోటా బీసీడీ.

బీసీడీ పట్టిక తిరగరాయడం

పాత పట్టికలో 4 గదులు, 4 విడతలు, విడతకు 30 నిమిషాలు. ఇంటర్న్ ఆరో వారంలో పెట్టిన కొత్త పట్టికలో 6 గదులు, ఆరుగురు చొప్పున 6 జట్లు, విడతకు 25 నిమిషాలు. మధ్యలో 15 నిమిషాల విరామంతో కలిపి 2 గంటల 45 నిమిషాలు. తలుపు దగ్గరికి ఇద్దరు వెళ్తారు, ఒకరు మాట్లాడేవారు, ఇంకొకరు తోడు. ఆరు గదుల్లో 12 వంతులు, జట్టులో ఆరుగురు. అందరికీ ఒకసారి మాట్లాడే వంతు, ఒకసారి తోడు వంతు వస్తాయి. నిజం డ్యూటీలో కూడా పార్టీ జరుగుతున్న గది దగ్గరికి ఒంటరిగా వెళ్లరు, ఇద్దరే వెళ్తారు. కాబట్టి ఇది వంతులు పంచడానికి చేసిన సర్దుబాటు మాత్రమే కాదు.

మనుషుల లెక్క కూడా కుదిరింది. గదికి ముగ్గురు చొప్పున 18 మంది పాత ఆర్‌ఏలు పాత్రధారులు. మిగతా ఆరుగురు గదికొకరు తలుపు బయట నిలబడి, విడత ముగిశాక గదిని మళ్లీ మొదటి స్థితికి తెస్తారు. ఈ సర్దేవాళ్లు లేకపోతే మూడో విడతకల్లా డబ్బాలు మంచం కింద, దుప్పట్లు నేల మీద ఉంటాయి. నాలుగో జట్టుకు దృశ్యమే అర్థం కాదు. గదికొక హాల్ డైరెక్టరో (హాలు బాధ్యత చూసే ఉద్యోగి), కౌన్సెలింగ్ సెంటర్ మనిషో, క్యాంపస్ పోలీసు అధికారో డీబ్రీఫ్, అంటే దృశ్యం ముగిశాక దాని మీద చర్చ, నడిపిస్తారు.

25 నిమిషాల్లో అందరినీ సిద్ధం చేయడానికి 2, దృశ్యానికి 7, డీబ్రీఫ్‌కి 12, తర్వాతి గదికి నడవడానికి 4. దృశ్యం ఏడు నిమిషాలు దాటితే నేర్చుకునేది పెరగదు, నటన పెరుగుతుంది. డీబ్రీఫ్‌లో ఎవరు ముందు మాట్లాడాలన్నది రాసి పెట్టాల్సిందే. ముందు తలుపు తట్టినవారు, తర్వాత తోడు, తర్వాత పాత్రధారి (‘నువ్వు ఏ మాటన్నప్పుడు నేను మెత్తబడ్డాను, ఏ మాటకు మొండికేశాను’), ఆఖర్న పెద్దవాళ్లు. హాల్ డైరెక్టర్ ముందు నోరు విప్పితే ‘మా రోజుల్లో ఓసారి ఏమైందంటే’ అన్న కథతోనే పన్నెండు నిమిషాలు కరిగిపోతాయి. ఇది వాళ్ల మీద ఫిర్యాదు కాదు. కథలు నిజంగానే బాగుంటాయి, అదే చిక్కు.

ఆరు జట్లు ఒకేసారి కదలాలి కాబట్టి అన్నిటికంటే నెమ్మదిగా సాగే గదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. రిహార్సల్లో ఒక గది 6 నిమిషాలు ఆలస్యమైంది. ఖాళీ అయిన జట్టు మెట్ల దగ్గర, అక్కడికే చేరాల్సిన జట్టు ఎదురుగా, ఇరుకు కారిడార్లో పన్నెండు మంది. మార్గం ఒకే దిశలో పెట్టడం, ఒక మెట్లదారి ఎక్కడానికి, రెండోది దిగడానికి కేటాయించడం, సమయం ప్రకటించే మనిషి ఒక్కరే ఉండటం అన్న మూడు మార్పులతో ఇది సర్దుకుంది. ఆ ఒక్కరు ఇంటర్న్. గ్రూప్ మెసేజ్‌లో రెండే మాటలు: ‘రెండు నిమిషాలు’, ‘కదలండి’. ఈ పని చేసేవారు ఏ గదిలోనూ నటించకూడదు, డీబ్రీఫ్ నడపకూడదు. ఆఖరి నిమిషంలో ఒక పాత్రధారి రాకపోతే అందరి చూపూ ఇంటర్న్ మీదే పడుతుంది. ఆ ఖాళీని తలుపు బయట సర్దేవాళ్లతో నింపాలి.

పాత్రధారి చీటీ

పాత ఆర్‌ఏలు పాత్ర పెంచేస్తారు. తమకు ఎదురైన అన్నిటికంటే చెడ్డ రాత్రి గుర్తుంటుంది, దానికి ఇంకొంత కారం కలుపుతారు. కొత్తవాళ్లు బిగుసుకుపోయి, ‘ఈ పని నా వల్ల కాదు’ అన్నది ఒక్కటే నేర్చుకుని బయటికొస్తారు. దీనికి విరుగుడు చీటీ. అరకాగితం, గదికొకటి, తలుపు లోపలివైపు అతికిస్తారు. పార్టీ గది చీటీ ఇలా ఉంది:

‘గది 214. రాత్రి 11:40. మీరు ముగ్గురు. ఇద్దరు ఈ గదివాళ్లు, ఒకరు పై ఫ్లోర్ నుంచి వచ్చారు. మ్యూజిక్ గట్టిగా ఉంది. బల్ల మీద 6 డబ్బాలు. మొదటిసారి తడితే తీయకండి. ఎవరో, ఎందుకొచ్చారో చెబితే తీయండి. మ్యూజిక్ ఆపమంటే ఆపండి. “పక్క గదిలోనూ తాగుతున్నారుగా, వాళ్లనేమీ అనరా?” అని ఒక్కసారి అడగండి. ఆర్‌ఏ ఆ వాదనలో పడకపోతే ఐడీలు ఇవ్వండి. పడితే ఐడీలు ఇవ్వకుండా ఇంకోసారి అడగండి, అంతకు మించి వద్దు. ఎవరూ ఏడవొద్దు, పరిగెత్తొద్దు, ఆర్‌ఏని ముట్టుకోవద్దు.’

ఇందులో కిటుకు ‘చెబితే తీయండి’ అన్న చోట ఉంది. సరైన పని చేస్తే గది మెత్తబడాలి. అప్పుడే ఏ మాట పనిచేసిందో కొత్తవాళ్లకు తెలుస్తుంది.

తలుపు దగ్గర నేర్పాల్సిన వరస కూడా స్థిరంగా ఉండాలి, గదికో రకంగా చెప్పకూడదు. తలుపుకు సూటిగా కాకుండా పక్కగా నిలబడాలి. తట్టే ముందు ఒక నిమిషం వినాలి, వినబడింది, వాసన వచ్చింది, సమయం గుర్తుపెట్టుకోవాలి. మూడుసార్లు తట్టి ‘ఆర్‌ఏ ఆన్ డ్యూటీ’ అనాలి. తీయకపోతే ఆగి మళ్లీ తట్టాలి. తాళంచెవి వాడకూడదు. తీశాక పేరు, వచ్చిన కారణం, మ్యూజిక్ ఆపమని, తలుపు పూర్తిగా తెరవమని. ఈ గదివాళ్లెవరు, అతిథులెవరు అని విడదీయాలి. 21 ఏళ్లలోపు వాళ్ల దగ్గర మద్యం కంటపడితే పారబోయాల్సింది ఆ గదివాళ్లే, ఆర్‌ఏ చేయి పెట్టకూడదు. కళ్లెదుట కనబడిందే రాయాలి. ఫ్రిజ్ తెరవడం, సొరుగు లాగడం, సంచి వెతకడం లేదు. కొత్తవాళ్లు తప్పకుండా తప్పే చోటు ఇదే. ‘ఫ్రిజ్‌లో ఏముందో చూడొచ్చా?’ అని మర్యాదగా అడుగుతారు. అడగటమే తప్పు.

రిపోర్టు ఆ రాత్రే. చాలా క్యాంపస్‌లలో ఇది మాక్సియెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. ‘బాగా తాగి ఉన్నాడు’ అని రాస్తే పనికిరాదు. ‘మాట తడబడింది, గోడ పట్టుకుని నిలబడ్డాడు, 11:52కి ఐడీ ఇవ్వడానికి మూడుసార్లు ప్రయత్నించాడు’ అని రాయాలి. అందుకే బీసీడీ మర్నాడు ఉదయం 45 నిమిషాలు ఒక్క రిపోర్టు రాయడానికే కేటాయించారు, తాము మాట్లాడిన గది గురించే.

గదుల్లో జాగ్రత్తలు

గంజాయి వాసన దృశ్యానికి ఎవరో ఒకరు వాము ఆకులాంటి ఒరెగానో కాల్చుదామంటారు, ఇంకొకరు పార్టీల్లో వాడే ఫాగ్ మెషీన్ తెస్తామంటారు. రెండూ వద్దు. స్మోక్ డిటెక్టర్‌కి అది నాటకమని తెలియదు, హాలంతా ఖాళీ చేయించి ఫైర్ ఇంజన్‌ను రప్పిస్తుంది. తలుపు కింద చుట్టిపెట్టిన తువ్వాలు, కిటికీ వైపు తిప్పిన ఫ్యాను, బల్ల మీద డ్రయర్ షీట్లు (బట్టలకు సువాసన పట్టించే పల్చటి కాగితాలు) చాలు. నిజం రాత్రిళ్లలో ఆర్‌ఏలకు కనబడేవీ ఇవే. మద్యం డబ్బాలు కడిగి నీళ్లు నింపినవి కావాలి.

ఆగస్టు మొదట్లో హాళ్లు ఖాళీగా ఉండవు. ఫుట్‌బాల్ జట్టు, బ్యాండ్ వాళ్లు ముందే దిగుతారు. కారిడార్లో అరుపులు విని వాళ్లలో ఒకరు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే నిజం పోలీసులే వస్తారు. క్యాంపస్ పోలీసుల ఫోన్లు అందుకునే డిస్పాచ్‌కి సమయం, హాలు, ఫ్లోర్ ముందురోజు మెయిల్‌లో, మొదలుపెట్టేముందు ఫోన్‌లో చెప్పాలి. ఫ్లోర్ రెండు చివర్లా, లిఫ్ట్ దగ్గరా శిక్షణ జరుగుతోందని కాగితాలు అతికించాలి.

ఆరు గదుల్లో రెండు వేరు. ఆత్మహత్య ఆలోచనల గురించి చెప్పే విద్యార్థి గది ఒకటి, లైంగిక దాడి గురించి చెప్పే గది ఇంకొకటి. పాత పట్టికలో ఈ రెండూ చీకటి గదిలో హఠాత్తుగా ఎదురయ్యేవి, విద్యార్థులే నటించేవారు. ఆర్‌ఏలలో కొందరికి ఇవి సొంత అనుభవాలు. హఠాత్తుగా ఎదురైతే అది శిక్షణ కాదు, మళ్లీ గాయం. కొత్త పట్టికలో ఈ రెండు గదుల్లో లైటు వేసి, కుర్చీల్లో కూర్చుని మాట్లాడటమే. వారం ముందే విషయం చెప్పారు. తప్పుకోవాలంటే కారణం చెప్పక్కర్లేదు, ఆ 25 నిమిషాలకు వేరే గది చూపించారు. ఆ విద్యార్థి పాత్ర ఉద్యోగులే చదివారు, పాత ఆర్‌ఏలకు పక్క పాత్రలే. ఏ గదిలోనైనా ‘రెడ్’ అన్న మాట వినబడితే దృశ్యం అక్కడికక్కడ ఆగుతుంది.

దాడి గదిలో నేర్పేది ప్రధానంగా ఒక్క వాక్యం: ‘నువ్వు చెప్పేది రహస్యంగా ఉంచలేను, పై ఆఫీసుకు చెప్పాలి. రహస్యంగా మాట్లాడాలంటే కౌన్సెలర్ ఉన్నారు.’ ఇది అవతలి మనిషి వివరాల్లోకి వెళ్లకముందే చెప్పాలి. కొత్తవాళ్లు సానుభూతితో అంతా వింటారు, ఆఖర్న ఈ మాట చెబుతారు. విన్న మనిషికి మోసపోయినట్టు ఉంటుంది. ఆత్మహత్య గదిలో ‘చనిపోవాలని అనుకుంటున్నావా?’ అని సూటిగా అడగడం నేర్పాలి. అడిగితే ఆలోచన పెట్టినట్టవుతుందన్న భయం నిరాధారం.

మద్యం మోతాదు మించి లేవని విద్యార్థి గదిలో మాత్రం జట్లన్నీ దాదాపు ఒకే తప్పు చేశాయి. ముందు హాల్ డైరెక్టర్‌కి ఫోన్ చేశాయి. డైరెక్టర్ ‘911కి చేశారా?’ అని అడిగి పెట్టేస్తారు, అందులో రెండు మూడు నిమిషాలు పోతాయి. తప్పు ఆర్‌ఏలది కాదు. మూడు రోజుల ముందు ఇచ్చిన డ్యూటీ కార్డులో మొదటి నంబరు డైరెక్టర్‌దే. కార్డు మళ్లీ అచ్చువేశారు: ప్రాణాపాయమైతే 911, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఒంటరిగా వదలకపోవడం, ఆ తర్వాతే డైరెక్టర్.

స్లయిడ్లు, గదులు, పేర్లు

బీసీడీ కాకుండా మిగిలిన రోజుల్లో డైనింగ్, లైబ్రరీ, పార్కింగ్, ఐటీ, పోలీసు, కౌన్సెలింగ్, టైటిల్ నైన్ (లైంగిక వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూసేది) ఆఫీసులు ఒక్కొక్కటీ గంట అడుగుతాయి. అందరికీ ఒకటే ప్రశ్న పంపారు: మీరు చెప్పేదాంట్లో రాత్రి 11 గంటలకు ఆర్‌ఏ చేయాల్సింది ఏమిటి? జవాబు లేనివాళ్లకు ఒక పేజీ కరపత్రం, భోజన విరామంలో పది నిమిషాలు.

పాత స్లయిడ్లు తేదీలతో సహా చదవడం ఇంటర్న్‌కి అప్పగించదగ్గ పని. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన టైటిల్ నైన్ నిబంధనలను 2025 జనవరి 9న కెంటకీలోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. దాంతో అంతా 2020 నిబంధనలకు తిరిగి వెళ్లింది. 2024 నాటి స్లయిడ్లు అలాగే చూపిస్తే తప్పు చెప్పినట్టే. ఆత్మహత్య నివారణ లైన్ 2022 జూలై 16 నుంచి 988. పాత పది అంకెల నంబరు పనిచేస్తుంది గానీ అర్ధరాత్రి ఎవరికి గుర్తుంటుంది? భోజనాల ఫారంలో 2023 నుంచి నువ్వులు కూడా ప్రధాన అలర్జీల జాబితాలో చేరాయి.

తలుపుకు ఇటుక అడ్డుపెట్టొద్దని చెప్పే స్లయిడ్‌కి కారణం కూడా జోడించారు. 1986లో లీహై యూనివర్సిటీలో జీన్ క్లేరీ అనే విద్యార్థిని హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. హంతకుడు వచ్చిన దారిలో తాళం పడాల్సిన తలుపులు మూసుకోకుండా అడ్డుపెట్టి ఉన్నాయి. క్యాంపస్ నేరాల లెక్కలు బయటపెట్టాలనే 1990 నాటి క్లేరీ చట్టం అక్కడి నుంచి వచ్చిందే. అలారం మోగితే బయటికి పంపాల్సిందేనన్న చోట 2000 జనవరి 19 నాటి సీటన్ హాల్ యూనివర్సిటీ అగ్నిప్రమాదం చెప్పారు. తప్పుడు అలారాలకు అలవాటు పడి చాలామంది వెంటనే కదల్లేదు, ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

హాళ్లలో పనికి పాత పట్టికలో ఉన్నది రెండే గంటలు. 18 గదుల పరిస్థితి నివేదికలు, గదికి 15 నిమిషాలంటే నాలుగున్నర గంటలు. రెండు గంటలే ఇస్తే ఆర్‌ఏలు చూడకుండానే టిక్కులు పెడతారు. మేలో గది ఖాళీ చేసేటప్పుడు మూడేళ్ల నాటి పరుపు చిరుగు ఈ ఏటి విద్యార్థి బిల్లులో పడుతుంది. సాయంత్రం సరదా కార్యక్రమం ఒకటి తీసేసి గంటలు సర్దారు. ఆర్‌ఏలు నిరసన తెలిపారు, అయినా నిర్ణయం సరైనదే.

తలుపుల మీద అతికించే పేరుకాగితాల దగ్గర ఇంటర్న్ తెలుగుదనం నేరుగా అక్కరకొచ్చింది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో మొదటి పేరు ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది, మొదటి పేరు తెలియదని అర్థం. హౌసింగ్ జాబితా అడ్మిషన్ల నుంచి దాన్నే తెచ్చుకుంటుంది. ఒకే ఫ్లోర్‌లో మూడు తలుపుల మీద అందమైన రంగు అక్షరాల్లో ఎఫ్ఎన్‌యూ అని కత్తిరించి ఉంది. అది పేరే కాదని ఆర్‌ఏకి తెలిసే దారి లేదు. జాబితాలో ఎఫ్ఎన్‌యూ ఉన్నవాళ్లందరినీ, మొదటి పేరు గడిలో ఒక్క అక్షరమే ఉన్నవాళ్లనూ వడకట్టి, ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని మెయిల్ పంపారు. వచ్చిన జవాబుతోనే కాగితం.

వీసా సంగతి

ఈ ఇంటర్న్‌షిప్ వేరే యూనివర్సిటీలో కాబట్టి ఎఫ్-1 వాళ్లకు ఇది ఆన్-క్యాంపస్ పని కాదు. సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) కావాలి, కోర్సులో భాగంగా ఉండాలి, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద నమోదై తేదీ మొదలయ్యాకే పనిలో చేరాలి. ఉత్సాహంతో ఆదివారమే వచ్చి తాళాల లెక్క చూడటం కూడా పనే. పూర్తిస్థాయి సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ (చదువుకు సంబంధించిన రంగంలో, ఎక్కువగా చదువయ్యాక, పనిచేసే అనుమతి) పోతుంది, 11 వారాలతో ఆ బాధ లేదు.

సొంత యూనివర్సిటీలో ఆర్‌ఏగా చేరేవాళ్ల లెక్క వేరు. క్లాసులు నడుస్తుండగా వారానికి 20 గంటలు మించకూడదు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) గంటలూ ఆర్‌ఏ గంటలూ కలిపే ఈ పరిమితి, చేతికి డబ్బు రాకుండా గది మాత్రమే ఇచ్చినా అది ఉద్యోగమే. కొత్తగా వచ్చేవాళ్లు క్లాసులు మొదలవడానికి 30 రోజుల కంటే ముందే పనిలో చేరకూడదు. శిక్షణ తేదీలు చూసుకుని, ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ రాసి, జవాబు వచ్చాకే ఆర్‌ఏ ఒప్పందం మీద సంతకం పెట్టాలి.

అప్పగింత

ఇంటర్న్ మూవ్-ఇన్‌కి ముందే వెళ్లిపోతుంది. కాబట్టి ఆఖరి వారం శిక్షణ నడపడంతో పాటు రాసి పెట్టడం కూడా ఆమె పనే. ఫోల్డర్‌లో ఆరు చీటీలు, వంతుల లెక్క, మెట్లదారుల బొమ్మ, డిస్పాచ్‌కి పంపిన మెయిల్ నకలు, మారిన స్లయిడ్ల జాబితా, ఎఫ్ఎన్‌యూ వడపోత ఎలా చేయాలో ఒక పేజీ ఉన్నాయి.

కుదరనివీ అందులోనే రాశారు. పాత ఆర్‌ఏలు 24 మందీ నటనకూ సర్దడానికే సరిపోయారు, వాళ్లకు ప్రాక్టీసు దొరకలేదు. పాత అలవాట్లతో ఫ్రిజ్ తెరిచేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. గంజాయి గదిలో దృశ్యం నాలుగు నిమిషాల్లోనే తేలిపోయింది, రూమ్మేట్ల గొడవ గదికి ఏడు నిమిషాలు చాలలేదు. వచ్చే ఏడు పట్టిక వేసేవాళ్లు మొదట తెరవాల్సిన కాగితం ఈ కుదరనివాటి జాబితానేనని ఫోల్డర్ పైన రాసి, హాల్ డైరెక్టర్‌కి ఇచ్చారు.